ఆడినవాళ్ల కాగితాలు

(మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి స్మృతిలో చేసిన ఉపన్యాసం పాఠం)



మిక్కిలినేని గారు కృష్ణ ఒడ్డున లింగాయపాలెంలో పుట్టారు. కపిలవాయి రామనాథశాస్త్రి దగ్గర రంగస్థలం నేర్చుకున్నారు. ప్రజానాట్యమండలిలో పనిచేసి జైలుకు కూడా వెళ్లారు. సినిమా ప్రేక్షకులు ఆయనను రాజుగా, జమీందారుగా గుర్తుపెట్టుకున్నారు. 2011లో ఆయన కన్నుమూసేనాటికి మనకు మిగిల్చి వెళ్లిన ఆస్తి మాత్రం ఆయన రాసిన పుస్తకాలు. ‘ఆంధ్ర నాటకరంగ చరిత్ర’, ‘నటరత్నాలు’, ‘తెలుగువారి జానపద కళారూపాలు’ కోసం ఊరూరి కళాకారుల వివరాలు, ఫొటోలు, జ్ఞాపకాలు ఆయన పోగుచేశారు. ఒక విశ్వవిద్యాలయ శాఖ చేయవలసిన పనిని ఒక నటుడు తలకెత్తుకున్నారు. అలాంటి మనిషిని తలుచుకునే రోజున ఆ పని గురించే మాట్లాడాలనిపించింది.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. మనం నాటకాన్ని అచ్చుపుస్తకంలో వెతుక్కుంటున్నాం. గుంటూరు, ప్రకాశం సీమల్లో జనం చూసిన నాటకం అందులో సగమే ఉంది. మిగతా సగం ఆడినవాళ్ల కాగితాల్లో ఉంది: పోర్షన్లలో, ప్రాంప్టింగ్ ప్రతుల్లో, కరపత్రాల్లో, కాంట్రాక్టరుకు రాసిన ఉత్తరాల్లో, అడ్వాన్సు రసీదుల్లో, జమాఖర్చుల పుస్తకాల్లో. ఆ కాగితాలను చదివి చెప్పగలవాళ్లు మన మధ్య ఉండగానే, ఈ నేల మీదనే వాటిని భద్రపరచుకోవాలి.

ఒక రాత్రి నాటకానికి ఎన్ని కాగితాలు

మన పల్లెల్లో నాటకాల కాలం పంటల కాలాన్ని అనుసరించి నడిచింది. పత్తి ఏరివేతలు ముగిసి, కల్లాల్లో ఎండిన మిరపకాయ టిక్కీలకెక్కి గుంటూరు చేరి, రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడేవేళకు శివరాత్రి వస్తుంది, వెనకే శ్రీరామనవమి వస్తుంది. కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభల ముందు తెల్లవార్లూ నాటకాలు, బుర్రకథలు నడిచే ఆచారం ఈ ప్రాంతంలో తెలియనివారు లేరు. ఊరి పెద్దలు కాంట్రాక్టరును పిలుస్తారు. ఆయన హరిశ్చంద్రుడికి ఒకరిని, చంద్రమతికి ఒకరిని, నక్షత్రకుడికి ఒకరిని మాట్లాడి, హార్మోనియానికీ తబలాకూ మనుషుల్ని కుదిర్చి, తెరలకూ డ్రెస్సులకూ మేకప్పుకూ ఏర్పాటు చేస్తాడు. ఒక్కో ఒప్పందం ఒక్కో కాగితం. ఉత్తరం, పోస్టుకార్డు, మనియార్డరు రసీదు, కరపత్రం, చివర లెక్కల చిట్టా.

వీటన్నిటిలో విలువైనది పోర్షన్. నాటకం మొత్తం అందరికీ రాసివ్వడం అయ్యేపని కాదు. కాబట్టి ఎవరి వేషం వాళ్లకు రాసిస్తారు. ఎదుటి పాత్ర ఆఖరి రెండు మూడు మాటలు, ఆ కింద తన పద్యం, తన వచనం. వాడిన పోర్షన్‌లో మార్జిన్ నిండా గుర్తులుంటాయి. ఈ పద్యానికి ఏ రాగం, ఏ శ్రుతి, ఎక్కడ ఆలాపన పెంచాలి, సమయం చాలకపోతే ఏ పద్యం వదిలేయాలి, ఏ ఊళ్లో ఏ మాట మార్చాలి. అచ్చులో కవి ఉంటాడు. పోర్షన్‌లో నటుడు, హార్మోనిస్టు, ప్రేక్షకుడు ముగ్గురూ కనబడతారు.

లండన్ దగ్గర ఒక పెట్టె

ఇలాంటి కాగితాలు నిలిస్తే ఏమవుతుందో చూడటానికి ఇంగ్లండు నాటకచరిత్రలో మంచి ఉదాహరణ ఉంది. షేక్‌స్పియర్ కాలంలో ఎడ్వర్డ్ అలెన్ అనే పెద్ద నటుడుండేవాడు. క్రిస్టఫర్ మార్లో రాసిన టాంబర్లేన్, ఫాస్టస్ పాత్రలతో ఆయనకు పేరొచ్చింది. ఆయన మామగారు ఫిలిప్ హెన్స్లో రోజ్ అనే నాటకశాల యజమాని. అలెన్ 1619లో లండన్ శివార్లలో డల్విచ్ కళాశాల స్థాపించి తన కాగితాలు, మామగారి కాగితాలు దానికే వదిలేశాడు. నాలుగు వందల ఏళ్లుగా అవి అక్కడే ఉన్నాయి.

అందులో ముఖ్యమైనది హెన్స్లో చిట్టా. అందరూ దాన్ని డైరీ అంటారు. చూస్తే అది జమాఖర్చుల పుస్తకమే. 1592 మొదలు కొన్నేళ్లపాటు ఏ రోజు ఏ నాటకం ఆడింది, తన వాటా ఎంత వచ్చింది, ఏ రచయితకు ఎంత అప్పిచ్చాడు, ఏ దుస్తులకు ఎంత ఖర్చయింది అని రాసుకున్నాడు. అందులో కనిపించే నాటకాల్లో చాలావాటికి ఇవాళ అచ్చుప్రతి గానీ రాతప్రతి గానీ లేదు. ఆ నాటకాలు ఉండేవని తెలియడానికి ఈ చిట్టాయే ఆధారం. ఒక రచయిత చేతిలో ఒక నాటకం పుట్టిందన్న ఊహను కూడా అది సరిదిద్దింది. ముగ్గురు నలుగురు కవులు కలిసి ఒకే నాటకం రాసి కూలి పంచుకున్న సంగతి ఆ పద్దుల వల్లే తెలిసింది.

రెండోది అలెన్ పోర్షన్. ‘ఓర్లాండో ఫ్యూరియోసో’ అనే నాటకంలో ఆయన వేషానికి రాసిచ్చిన కాగితాలు అతికించి చుట్టగా చుట్టినవి. ఎదుటివారి చివరి మాటలు, ఆ కింద తన మాటలు. మన పోర్షన్ పద్ధతే. ఆ కాలపు వృత్తి నటుల పోర్షన్లలో ఇంగ్లండుకు మిగిలింది ఈ ఒక్కటే. ఈ ఒక్కదాన్ని పట్టుకుని అక్కడి పండితులు ఆనాటి నటన గురించీ, రిహార్సళ్ల గురించీ గ్రంథాలు రాశారు. మన ఊళ్లలో పాత నటుల ఇళ్ల అటకల మీద ఇలాంటివి ఇంకా ఉన్నాయంటే మనం ఎంత ధనికులమో, ఆ ధనం విషయంలో ఎంత నిర్లక్ష్యంగా ఉన్నామో ఆలోచించండి.

మూడోది ఉత్తరాలు. 1593లో లండన్లో ప్లేగు వచ్చి నాటకశాలలు మూతపడితే అలెన్ బృందంతో ఊళ్లు పట్టుకు తిరిగాడు. బ్రిస్టల్ నుంచి భార్య జోన్‌కు ఉత్తరం రాశాడు. ఇల్లు శుభ్రంగా ఉంచుకోమని, వాకిట నీళ్లు చల్లమని, కిటికీల దగ్గర మందాకులు పెట్టమని, తన మేజోళ్లకు చలికాలం నాటికి నల్లరంగు వేయించమని, పెరట్లో ఫలానా మడిలో సెప్టెంబరులో పాలకూర విత్తమని చెప్పాడు. రంగస్థలం మీద లోకాలు జయించే వీరుడు ఇంటికి రాసిన ఉత్తరం ఇది. ఊరూరూ తిరిగే నటుడి బతుకులో భయం, ప్రేమ, పొదుపు ఎలా కలిసి ఉంటాయో చెప్పడానికి దీన్ని మించిన సాక్ష్యం లేదు. మన కంపెనీల నటులు రంగూన్ నుంచి, బళ్లారి నుంచి, మద్రాసు నుంచి ఇళ్లకు రాసిన ఉత్తరాల్లో ఇలాంటి జీవితమే ఉంది.

ఆ పెట్టె మనకు రెండు హెచ్చరికలు కూడా చేస్తుంది. 1598 నాటి రంగసామగ్రి జాబితా ఒకటి అందులో ఉండేది. ఫాస్టస్ నాటకానికి డ్రాగన్, నరకద్వారం, రోమ్ నగరం ఇలా సాగుతుంది. ఎడ్మండ్ మలోన్ అనే పండితుడు దాన్ని ఎత్తి రాసి 1790లో అచ్చువేశాడు. తర్వాత అసలు కాగితం పోయింది. నకలు తీసినందువల్లే ఆ జాబితా బతికింది. రెండోది చేదు పాఠం. పందొమ్మిదో శతాబ్దంలో జాన్ పేన్ కాలియర్ అనే పరిశోధకుడు అదే పెట్టెలోని పత్రాల్లో షేక్‌స్పియర్ పేరు వచ్చేలా దొంగరాతలు చేర్చాడు. వాటిని ఏరివేయడానికి దశాబ్దాలు పట్టింది. 1881లో జార్జ్ వార్నర్ పట్టిక తయారుచేసి ఏది అసలో ఏది నకిలీయో విడదీశాడు. అభిమానం హద్దు దాటితే చరిత్రకు ద్రోహమవుతుంది. మన మహానటుల మీద మనకున్న అభిమానం కూడా తక్కువది కాదు. పాత కాగితానికి మెరుగులు దిద్దే పని ఎవరూ చేయకూడదు.

హరిశ్చంద్ర: అచ్చులో ఒక పేరు, రంగం మీద రెండు

ఇప్పుడు మన నేలకు వద్దాం. బాపట్ల తాలూకా ఇటికంపాడులో 1881లో పుట్టిన బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు సత్య హరిశ్చంద్రీయం రాశారు. వందేళ్లు దాటినా ఆ నాటకం ఆడని తిరునాళ్లు మన ప్రాంతంలో అరుదు. ప్రేక్షకులు కాటిసీను కోసం తెల్లవారుజాము దాకా మేలుకుంటారు. ఆ సీనులో హరిశ్చంద్రుడు శ్మశానంలో నిలబడి పాడే పద్యాల్లో జనం వన్స్‌మోర్ అడిగేవి బలిజేపల్లివి కావు. అవి గుర్రం జాషువావి.

జాషువా 1895లో వినుకొండలో పుట్టారు. కులం పేరుతో జీవితమంతా అవమానాలు భరించారు. ఆయన శ్మశానవాటి ఖండికలోని పద్యాలను నటులు తమంత తాముగా కాటిసీనులోకి తెచ్చుకున్నారు. చావు ముందు రాజూ పేదా ఒకటేనని, అంటరానితనానికి ఆ నేల మీద చోటు లేదని చెప్పే పద్యాలు అవి. ఊళ్లో ఏ గుడిమెట్లు ఎక్కనివ్వని మనుషుల తరఫున ఒక కవి అడిగిన మాటలు, అదే ఊరి నడిబొడ్డున కట్టిన పందిట్లో, అన్ని కులాలవాళ్లూ కూర్చుని మళ్లీ మళ్లీ పాడించుకున్నారు. తెలుగు సాంఘిక చరిత్రలో ఇంత పెద్ద సంఘటనలు ఎన్ని ఉన్నాయి?

నాటకం అచ్చుప్రతి తెరిస్తే ఈ సంఘటన జాడ కనబడదు. అట్ట మీద ఒకే పేరు ఉంటుంది. జాషువా పద్యాలు ఆ నాటకంలో చేరిన చరిత్ర నటుల పోర్షన్లలో ఉంది. ఏ కాలపు పోర్షన్‌లో ఎన్ని పద్యాలు చేరాయి, ఏ రాగంలో కట్టారు, ఏ ఊళ్లో ఏ పద్యం వదిలేశారు అని వరుసగా పెట్టి చూడగలిగితే, ఒక సమాజం తన మనసు ఎంతెంత మార్చుకుందో ఏటికేడు చూడవచ్చు. నా దృష్టిలో ఆ పోర్షన్ల కట్ట శాసనాల పక్కన పెట్టదగిన ఆధారం.

ఇది ఒక్క హరిశ్చంద్రకే పరిమితం కాదు. బాపట్లలో 1902లో పుట్టి తెనాలి శ్రీరామ విలాస సభలో వెలిగిన స్థానం నరసింహారావు గారిని తీసుకోండి. ముత్తరాజు సుబ్బారావు గారి శ్రీకృష్ణ తులాభారంలో ఆయన సత్యభామ. ఆ నాటకం పేరు చెబితే నోటికి వచ్చే ‘మీరజాలగలడా’ పాట నాటకకర్త రాసింది కాదు, వేషం కట్టిన స్థానం గారే కట్టుకున్నది. నటుడు రాసుకున్న పాట నాటకం పేరునే మోసుకుపోయింది. స్థానం గారు ‘నటస్థానం’ పేరుతో తన కథ తానే చెప్పుకున్నారు గనుక కొంత మిగిలింది. ఆయనతో పాటు రంగం మీద నిలిచిన మాధవపెద్ది వెంకట్రామయ్య గారివంటివారు తమ వేషాల్లోకి తెచ్చిన మార్పులకు మాత్రం పోర్షన్లూ ప్రాంప్టింగ్ ప్రతులూ తప్ప వేరే సాక్షి ఉండడు.

ఒంగోలు కుర్రవాడు, తెనాలి పరిషత్తు

ప్రకాశం జిల్లాకు పేరిచ్చిన మనిషి కూడా నాటకాలాడినవాడే. టంగుటూరి ప్రకాశం 1872లో వినోదరాయునిపాలెంలో పుట్టారు. తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి చదివించింది. అక్కడ మాస్టారు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు నాటకాభిమాని. ఆయన రాజమండ్రి వెళుతూ ఈ శిష్యుణ్ణి వెంట తీసుకెళ్లారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు నాయుడు గారి సమాజం కోసమే గయోపాఖ్యానం రాశారు. అందులో అర్జునుడి వేషం ప్రకాశానిది. చిలకమర్తి స్వీయచరిత్ర, ప్రకాశం ‘నా జీవితయాత్ర’ రెండూ ఈ రోజుల్ని వర్ణిస్తాయి. లక్షల మంది ముందు గుండె విప్పి నిలబడిన నాయకుడికి జనం ముందు నిలబడటం నేర్పింది నాటకమే అని ఆ పుటలు చదివితే తెలుస్తుంది.

అయితే ఆ రెండూ దశాబ్దాల తర్వాత జ్ఞాపకం మీద రాసినవి. జ్ఞాపకం జరిగినదానికి అర్థం చెబుతుంది. తేదీ, టికెట్టు వెల, పాత్రధారుల జాబితా చెప్పవలసింది ఆనాటి కాగితం. ఆ కాగితం కోసం వెతికేవాళ్లు జిల్లాల చరిత్ర గుర్తుపెట్టుకోవాలి. ప్రకాశం బాల్యంలో ఒంగోలు నెల్లూరు జిల్లాలోది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు దానిలో కలిసింది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడింది, 1972లో ప్రకాశం పేరు వచ్చింది. 2022లో బాపట్ల, పల్నాడు జిల్లాలు విడిపోయాయి. ఒకే తాలూకా పత్రాలు నాలుగు చోట్ల ఉండవచ్చు. ఈ దారి తెలియక పరిశోధక విద్యార్థులు మధ్యలోనే వెనక్కి వస్తున్నారు.

తెనాలి సంగతి వేరే చెప్పాలి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన కుటుంబ నాటక సంప్రదాయానికి మూలపురుషుడు వనారస గోవిందరావు. ఆయన చొరవతో 1929లో తెనాలిలోనే ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టింది. నటులను, నాటకకర్తలను, సమాజాలను ఒకచోట కూర్చోబెట్టిన ప్రయత్నం అది. ఆ తర్వాత పరిషత్తు పోటీలు కోస్తా ఊళ్లకు పాకాయి. మన రెండు సీమల్లో పరిషత్తు లేని పట్టణం తక్కువ. ప్రతి పోటీకీ స్క్రిప్టులు వస్తాయి, ఎంట్రీ ఫారాలు వస్తాయి, న్యాయనిర్ణేతలు మార్కుల పట్టీలు రాస్తారు. బహుమతులిచ్చిన మర్నాడు ఆ కట్టలన్నీ ఏమవుతున్నాయో నిర్వాహకులకు నేను చెప్పనక్కరలేదు. సాంఘిక నాటిక ఏ ఏడాది ఏ సమస్య మీద నిలబడిందో, వరకట్నం నుంచి పత్తి రైతు అప్పుల దాకా, ఆ కట్టలు చెబుతాయి. వాటిని పడేయడం పంటకు పంట విత్తనం తినేయడమే.

సర్కారు దాచిన నాటకాలు

నాటకాన్ని అణచాలని చూసిన ప్రభుత్వమే ఒక్కోసారి దాని కాగితాలకు కాపలాదారు అయింది. ఇంగ్లండులో 1737 చట్టం ప్రకారం ప్రతి కొత్త నాటకం స్క్రిప్టునూ ఆడబోయే ముందు లార్డ్ ఛాంబర్లేన్ కార్యాలయానికి పంపాలి. 1968 దాకా ఆ నియమం నడిచింది. సెన్సారు ఎన్నో మాటలు కొట్టేసింది. అయినా పంపిన ప్రతులు పోలేదు. 1824 దాకా వచ్చినవి కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ గ్రంథాలయంలో, ఆ తర్వాతివి బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఎర్రగీత కింద ఉన్న మాట కూడా చదువుకోవచ్చు.

మన దగ్గర 1876 నాటక ప్రదర్శనల చట్టం నిషేధించే అధికారం కలెక్టర్ల దాకా ఇచ్చింది. గుంటూరు జిల్లాకు చెందిన దామరాజు పుండరీకాక్షుడు సహాయ నిరాకరణోద్యమ కాలంలో గాంధీ మహోదయం, పాంచాల పరాభవం వంటి నాటకాలు రాశారు. నిషేధం వచ్చింది, జైలూ వచ్చింది. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి తరఫున సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు ‘మా భూమి’ రాశారు. నూరుకు మించిన దళాలు ఆడిన ఆ నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం 1948లో నిషేధించింది. నిషేధం ఉన్నచోట ఉత్తర్వు ఉంటుంది, పోలీసు నివేదిక ఉంటుంది, జప్తు చేసిన ప్రతి ఉంటుంది. చెన్నైలోని ఆర్కైవ్స్‌లో, ఢిల్లీ జాతీయ ఆర్కైవ్స్‌లో, లండన్ బ్రిటిష్ లైబ్రరీ నిషిద్ధ గ్రంథాల విభాగంలో తెలుగు చరిత్ర ఈ రూపంలో కూడా ఉంది. 1939 వినోదపు పన్ను చట్టం వచ్చాక టికెట్టు నాటకాల లెక్కలు కూడా ప్రభుత్వ కార్యాలయాలకు చేరాయి. మన పరిశోధకులు ఈ అరలు తెరవాలి.

సర్కారు కాగితంలో నాటకం నేరస్తుడిలా కనబడుతుంది. దాని పక్కన ఆడినవాళ్ల మాట కూడా పెట్టి చూస్తేనే న్యాయం జరుగుతుంది. పొన్నెకల్లులో 1920లో పుట్టిన బుర్రకథ పితామహుడు షేక్ నాజర్ తన జీవితాన్ని నోటితో చెబితే అంగడాల వెంకటరమణమూర్తి అక్షరబద్ధం చేశారు. ‘పింజారి’ అలా పుట్టింది. పోలీసు నివేదిక పక్కన ఆ పుస్తకం ఉంది కాబట్టి, కథ చెప్పినవాడి ఆకలి, అతని విద్య, అతని గర్వం కూడా మనకు తెలుస్తున్నాయి.

దాచనివాళ్లు, దాచలేనివాళ్లు

ఎవరి కాగితాలు మిగులుతాయి? మేడ ఉన్నవాళ్లవి, చదువుకున్న వారసులున్నవాళ్లవి. తెర పెయింటరు, మేకప్‌మన్, హార్మోనిస్టు, డోలక్ కళాకారుడు అద్దె ఇళ్లు మారుతూ బతికారు. రంగం ఎక్కిన స్త్రీల పరిస్థితి మరీ కష్టం. బళ్లారి రాఘవ స్త్రీ పాత్రలు స్త్రీలే ధరించాలని పట్టుబట్టి చదువుకున్న మహిళలను వేదిక మీదికి తెచ్చారు. సురభి కుటుంబాల స్త్రీలు తరతరాలుగా నటిస్తూనే ఉన్నారు. పద్యనాటకాల్లో చంద్రమతి, చింతామణి, రాధ వేషాలతో రాత్రులు పండించిన వందల మంది నటీమణులు మన జిల్లాల్లో ఉన్నారు. లోకం వేసిన నిందల వల్ల వాళ్లలో చాలామంది తమ ఉత్తరాలు, ఫొటోలు పిల్లల కంటబడకుండా చించేశారు. ఆ భయం పుట్టించింది మన సమాజమే. ఇప్పుడు వాళ్ల దగ్గరికి వెళ్లవలసిన బాధ్యత కూడా మనదే.

వెళ్లేటప్పుడు మర్యాద తెలియాలి. ఉత్తరం కాగితం అందుకున్నవారి ఆస్తి. అందులోని మాటల మీద హక్కు రాసినవారిది, వారి తర్వాత వారసులది. చట్టం అది. చట్టానికి మించిన మన్నన ఇంకొకటుంది. నటి ఎలెన్ టెర్రీకీ బెర్నార్డ్ షాకూ నడిచిన ఉత్తరాలు ఆమె పోయాక 1931లో అచ్చయ్యాయి. షా మొదట ఒప్పుకోలేదు. అంత పేరున్న మనుషుల విషయంలోనే అంత తర్జనభర్జన జరిగింది. మన ఊరి నటీమణి ఇచ్చిన ఉత్తరాన్ని ఆమె చెప్పినంతకాలం మూసి ఉంచుతామని రాసిచ్చి, ఆ మాట నిలబెట్టుకోవాలి. నమ్మకం లేని ఆర్కైవ్స్‌కు ఎవరూ ఏదీ ఇవ్వరు.

చేయవలసిన పని

ఇది మన శక్తికి మించిన పని ఏమీ కాదు. గురజాడ ఉత్తరాలు, డైరీలు, చిత్తుప్రతులు ఎందరో ఓపికగా వెతికి, చదివి, సరిచూశారు. ఆ ఫలితంగా 2012లో ‘గురుజాడలు’ సర్వస్వం మన చేతికొచ్చింది. 1897 కన్యాశుల్కానికీ 1909 కన్యాశుల్కానికీ మధ్య కవి మనసులో ఏం జరిగిందో ఇవాళ విద్యార్థి కూడా చూడగలుగుతున్నాడు. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం పాత పత్రికలను తరాలపాటు కాపాడింది. నాటకాల ప్రకటనలూ సమీక్షలూ ఆ పత్రికల్లో ఉన్నాయి. గుంటూరు అన్నమయ్య గ్రంథాలయంలో ఒకరి పుస్తకప్రేమ ఎంత పెద్ద సంపద కూడబెట్టగలదో మీరంతా చూశారు. చేతులు ఉన్నాయి, చోటు ఉంది. పని మొదలుపెట్టడమే తరువాయి.

ముందుగా ఇళ్లలో ఉన్నవాళ్లకు విన్నపం. పాత నాటకాల కట్ట దొరికితే వరుస మార్చకండి. ఏ కాగితం పక్కన ఏ కాగితం ఉందో అది కూడా సమాచారమే. సెలోటేపు అంటించకండి. లామినేషన్ చేయించకండి, అది కాగితాన్ని మెల్లగా చంపుతుంది. పిన్నులు, రబ్బరుబ్యాండ్లు తీసేయండి. ఎండలో ఆరబెట్టకుండా నీడపట్టున గాలి తగలనివ్వండి. పగటి వెలుతురులో ఫోనుతో ప్రతి పుటా, వెనక వైపుతో సహా ఫొటో తీయండి. ఎవరిది, ఏ ఊరిది, ఎప్పుడు దొరికింది అన్నది వేరే కాగితం మీద రాయండి, అసలు దాని మీద గీత కూడా పెట్టకండి.

తర్వాత కళాశాలల తెలుగు శాఖలకు విన్నపం. పిల్లల్ని పెద్ద నటుల దగ్గరికి పంపండి. పోర్షన్ ఎదురుగా పెట్టి పాడించి, ప్రతి గుర్తుకూ అర్థం అడిగి రికార్డు చేయించండి. మార్జిన్‌లో ఒక సున్న చుట్టి ఉంటే అది ఆలాపనో, దీపం తగ్గించమన్న సూచనో ఆయనే చెప్పాలి. ఆయన తర్వాత చెప్పేవారు ఉండరు. కాగితాన్ని వందేళ్లు కాపాడవచ్చు, దాన్ని చదివే కంఠానికి అంత గడువు లేదు. అందుకే ఈ పనిలో అన్నిటికంటే ముందు చేయవలసింది ఇదే.

పరిషత్తుల నిర్వాహకులు ప్రతి పోటీ స్క్రిప్టునూ, మార్కుల పట్టీనీ రచయిత అనుమతితో ఒక గ్రంథాలయానికి అప్పగించే నియమం పెట్టుకోవాలి. ప్రదర్శనకు ఆర్థికసాయం చేసే దాతలు అందులో చిన్న భాగం కాగితాల భద్రతకు కేటాయించాలి.

ఇక నకళ్లు. ఏదీ ఒక్కచోటే ఉండకూడదు. 1977 నవంబరు తుఫాను మన తీరంలో ఇళ్లతో పాటు ఇళ్లలోని పెట్టెలనూ తీసుకుపోయింది. 2000 ఆగస్టు వరదల్లో హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో అపురూపమైన గ్రంథాలు నీటమునిగాయి. అసలు ఊళ్లోనే ఉండనివ్వండి. నకలు ఒకటి జిల్లా కేంద్రంలో, ఇంకొకటి రాష్ట్రం దాటి మరో చోట ఉంచాలి. ఊళ్లోనే ఎందుకంటే, ఆ కాగితంలోని పేర్లను గుర్తుపట్టే మనుషులు ఆ ఊళ్లోనే ఉన్నారు. పరిశోధకుడు మన దగ్గరికి రావాలి, మన పిల్లలు తమ తాతల చేతిరాత చూడటానికి దూరదేశాలు పోనవసరం లేకుండా ఉండాలి.

వచ్చే శ్రీరామనవమి పందిళ్లు లేచేలోగా తెనాలి, బాపట్ల, చీరాల, ఒంగోలు, నరసరావుపేట, వినుకొండల్లో ఊరికి ఇద్దరు చొప్పున పూనుకుని, ఎవరి ఇంట్లో ఏమున్నాయో ఒక జాబితా తయారుచేయాలని ఈ సభను కోరుతున్నాను. ఆ జాబితాలో నటుల పక్కన హార్మోనిస్టుల పేర్లు, తెరలు రాసినవాళ్ల పేర్లు, పోర్షన్లు ఎత్తి రాసిన రాయసగాళ్ల పేర్లు తప్పకుండా ఉండాలి. మన నాటకచరిత్ర ఇకపై రాసేవారు ఆ పేర్లతోనే మొదలుపెట్టాలి.